నీళ్ల కోసం అమ్మవారినయ్యాను

మా భక్తులు నా మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. అట్ట మీద నేను కళ్లు మూసుకుని కూర్చుని ఉంటాను. ధ్యానంలో ఉన్నానని కింద రాశారు. ఆ ఫోటో తీసేటప్పుడు నా కంట్లో నలుసు పడింది. లోపల ఇంకా ఘోరం. పుట్టగానే నేను ఏడవలేదట. పిడికిట్లో వేపాకు ఉందట. మూడేళ్ల వయసులో పొయ్యి వైపు చూస్తే మంట తగ్గిపోయేదట. మా అమ్మ బతికుంటే ఆ రాసినవాణ్ణి చీపురు తిరగేసి కొట్టేది. పొయ్యి ఆరిపోయినందుకు నేను తిన్న దెబ్బలు చాలానే ఉన్నాయి, కానీ అవన్నీ కట్టెలు ఎగదోయకుండా నేను నిద్రపోయినందుకు.

బతికుండగానే ఇన్ని అబద్ధాలు రాస్తే పోయాక ఏం రాస్తారోనని, నా సంగతి నేనే రాసి పెడుతున్నాను. ఇది చదివి కోపం వచ్చినవాళ్లు నా దగ్గరికి రావడం మానేస్తే పొద్దున్నే ఇంకాసేపు పడుకుంటాను.

జపానువాడు మద్రాసు మీద బాంబులు వేస్తాడని, అక్కడి జనం మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కి మా వైపు వచ్చిపడిన రోజులవి. తిరుపతిలో అద్దెకు గది కాదు కదా, అరుగు కూడా దొరకలేదు. కొండ మీద సామి ఉన్నాడు కాబట్టి మనకేం కాదని ఊళ్లో సగం మంది అనేవాళ్లు. కొండ మీద బంగారం ఉంది కాబట్టి మొదటి బాంబు మనకేనని మిగతా సగం. ఈ రెండు రకాలవాళ్లూ కలిసి, బాంబు పడితే మంటలు ఆర్పడానికి ఒక దళం పెట్టారు. ఆడవాళ్లు కూడా ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది.

మా నాయన కచేరీలో గుమాస్తా. పైవాడు తుమ్మితే చిరంజీవ అనడానికి తువ్వాలు నడుముకు కట్టుకుని సిద్ధంగా నిలబడే మనిషి. పన్నెండు మంది ఆడవాళ్ల పేర్లు కావాలంటే సాయంత్రానికల్లా రాసిచ్చాడు. అందులో ఇద్దరు చనిపోయి చాలాకాలం అయింది. ఒకామె మంచం దిగలేదు. ఒకతె ఇంకా ఉయ్యాల్లో ఉంది. చివరి పేరు నాది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పెళ్లయిన రెండో ఏడే మొగుడు విషజ్వరంతో పోతే పుట్టింటికి తిరిగొచ్చి, వంటింట్లో ఒక మూల ఉండేదాన్ని. పొద్దున్నే నేను వీధిలోకి వస్తే ఎదురుపడ్డవాళ్లు వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాళ్లు. నా పుణ్యమా అని మా వీధిలో ఎవరూ వేళకు పనికి పోయింది లేదు.

కవాతు రోజు ఆ పన్నెండు మందిలో మైదానానికి నేనొక్కదాన్నే వెళ్లాను. 'ఈ సీమలో నిప్పార్పే దళంలో చేరిన మొట్టమొదటి వనిత' అని పుస్తకంలో పెద్దక్షరాలతో వేశారు. అందుకు నేను చేసిన ఘనకార్యం ఇల్లు దాటి మైదానం దాకా నడవడమే. వంటింటి మూల నుంచి బయటపడే దారి దొరికితే చాలు, అది నిప్పుల్లోకి పోయేదైనా నాకు సమ్మతమే.

యూనిఫారం దగ్గర చిక్కొచ్చింది. ఆడమనిషికి పంట్లాం కొలతలు తియ్యనని దర్జీ మొండికేశాడు. చివరికి మా నాయనను నిలబెట్టి కొలిచాడు. మా నాయన నడుము నా నడుముకు రెండింతలు. దాన్ని తాడుతో బిగించుకుని, పైన ఖాకీ చొక్కా తొడుక్కుని, నెత్తిన ఇనప టోపీ పెట్టుకుని నడుస్తుంటే అరుగుల మీది ఆడవాళ్లు పలకరించేవాళ్లు.

"సట్టి నెత్తిన పెట్టుకోని యాడికి పోతా ఉండావు పాపా? సంగటి కెలకనీకా?"

ఇదంతా ఏ ఊళ్లోనంటారు? తిరుపతిలో. గంగజాతర వారం రోజులూ మీసాలున్న మగవాళ్లు చీరలు కట్టి, గాజులు తొడిగి, కాటుక దిద్దుకుని వీధి వీధీ తిరిగే ఊళ్లో. అది మొక్కు. ఎవరూ నవ్వరు. వేషం కట్టినవాళ్లలో అమ్మవారుంటుందని ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి కాళ్లకు పసుపునీళ్లు పోస్తారు. మగవాడు చీర కడితే పుణ్యం, ఆడది పంట్లాం తొడిగితే ఊరికి అరిష్టం.

మాకు పని నేర్పడానికి మద్రాసు నుంచి ఒక ముసలి జమాదారు వచ్చాడు. సగం అరవం, సగం తెలుగు, మొత్తం తిట్లు. ఆడదాన్నని నన్ను వేరుగా చూడలేదు, అందరితో సమానంగా తిట్టాడు. ఆ తిట్లంటే నాకు ప్రాణం. మొగుడు పోయాక నన్ను జాలిపడకుండా చూసిన మొదటి మనిషి ఆయన.

"మంట కొన మీద కొట్టొద్దు అమ్మా. మేల, పైన ఆడేది అంతా వేడుక. నిప్పు అడుగున ఉంటుంది. అడుగున కొట్టు!" అని అరిచేవాడు.

మా దగ్గరుండే పంపుకు ముగ్గురు కావాలి. దాన్ని బకెట్లో నిలబెట్టి, ఒకరు కాలితో తొక్కిపట్టి చేత్తో పైకీ కిందికీ కొట్టాలి. ఒకరు గొట్టం పట్టుకుని మంట దగ్గరికి పాకాలి. ఇంకొకరు బకెట్ ఖాళీ కాకుండా నీళ్లు పోస్తూ ఉండాలి. పాకలు అంటుకుంటే పక్క పాక కప్పును ముందే పీకెయ్యాలి. నాలుగు నెలల్లో నా అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాశాయి. దళంలో అందరికన్నా ముందు పంపు బిగించి నీళ్లు చిమ్మేది నేనే. ఇది గొప్ప కోసం చెప్పడంలేదు. కాదు, గొప్ప కోసమే చెబుతున్నాను. పుస్తకంలో రాసిన గొప్పల్లో ఒక్కటీ నాది కాదు, వాళ్లు రాయకుండా వదిలేసిన ఇది నాది.

యుద్ధం అయ్యాక ఊళ్లో ఫైర్ స్టేషను వస్తుందని, దళంలో బాగా చేసినవాళ్లను జీతం మీద తీసుకుంటారని జమాదారు చెప్పాడు. వెళ్లిపోయే రోజు నన్ను పిలిచి, "నీ పేరు మొదట రాసినాను" అన్నాడు. ఆ మాట పట్టుకుని మూడేళ్లు బతికాను. ఎర్ర ఇంజనుకు పక్కన పొడుగాటి మెట్టుంటుందని, దాని మీద మనుషులు నిలబడి పోతారని ఆయనే చెప్పాడు. ఆ మెట్టు మీద జానెడు చోటు చాలనుకున్నాను. ఈ భూమ్మీద నాకంటూ ఇంకెక్కడా చోటు లేదు మరి.

జపానువాడు రాలేదు. బాంబు వేయలేదు. మా చేతికి మొదటి మంటను తెచ్చిచ్చింది గంగజాతరే.

ఎండలు మాడ్చేస్తున్నాయి. జాతర కాపలాకు దళమంతా రావాలని హుకుం. వచ్చారు. ఎనిమిది మందిలో ఏడుగురికి మొక్కు ఉంది, చీరల్లో వచ్చారు. మా దళానికి పెద్ద ఒక మీసాలాయన. ఆయనది ఆకుపచ్చ పట్టుచీర, మోచేతుల దాకా గాజులు, నడుముకు వడ్డాణం. ఖాకీలో ఉన్నది నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం వేళ, పాకల వీధి మొదట్లో వేసిన కొబ్బరాకుల పందిట్లో ఆడవాళ్లు పొంగళ్లు పెట్టుకున్నారు. గాలి తిరిగింది. పొయ్యిలోంచి రవ్వ లేచి పందిరికి తగిలింది. అరనిమిషంలో పందిరంతా భగ్గుమంది, మొదటి పాక అంటుకుంది. ఆ వెనక వరసగా ముప్పై పాకలున్నాయి.

చీరల్లో ఉన్న దళంలో ఆరుగురు కుచ్చిళ్లు పట్టుకుని పారిపోయారు. మీసాలాయన పారిపోలేదు, అది ఒప్పుకోవాలి. కచ్చ బిగించి పంపు తొక్కిపట్టి కొట్టడం మొదలుపెట్టాడు. గాజులు టపటపా పగులుతున్నాయి. నేను గొట్టం పట్టుకున్నాను. బకెట్లో నీళ్లు నాలుగు చిమ్ములకే అయిపోయాయి. ఆ ఎండల్లో బావిలో చేద ముంచితే బురద వస్తోంది. నీళ్లంటూ ఉంటే అవి ఆడవాళ్ల బిందెల్లోనే. వేషగాళ్ల కాళ్లకు పోయడానికి వీధి పొడుగునా పసుపు కలిపి వరసగా పెట్టుకున్నారు.

బకెట్ పట్టుకుని వాళ్ల మీదికి పరుగెత్తాను. పరుగులో ఇనప టోపీ ఎగిరిపోయింది, జుట్టు విడిపోయింది, ముఖమంతా మసి. "నీళ్లు! నీళ్లు!" అని కేకలు పెట్టాను. ముందు నిలబడ్డ ముసలామె నన్ను ఎగాదిగా చూసి, రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"అమ్మా! గంగమ్మ తల్లే వొచ్చిందే! సూడండే!"

అని బిందె ఎత్తి నా కాళ్ల మీద పోసేసింది. బకెట్లో కాదు, కాళ్ల మీద. పక్కామె కూడా పోసింది. ఆ పక్కామె కూడా.

"నా కాళ్లకు పోస్తారేందే! కాల్తా ఉండేది నా కాళ్లా, మీ కొంపలా?" అని అరిచాను.

"తల్లికి కోపమొచ్చిందే! ఇంకో బిందె పొయ్యండే!"

ఐదు బిందెల నీళ్లు నా కళ్ల ముందే దుమ్ములో ఇంకిపోయాయి. వెనక రెండో పాక అంటుకుంది. మీసాలాయన ఉత్త గాలి కొడుతున్నాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నేను ఫలానా గుమాస్తా కూతుర్ని, ఇది ఫలానా పంపు అని చెప్పే తీరిక లేదు. అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మళ్లీ అదే ఎండలో, అదే వీధిలో నిలబెడితే మళ్లీ అదే చేస్తాను.

పూనకాలు నాకు కొత్త కాదు. మా మేనత్తకు కోడలు అన్నం ఆలస్యంగా వడ్డించినప్పుడల్లా వచ్చేవి. ఆమె ఎలా ఊగేదో అలాగే ఊగాను. కళ్లు తిప్పాను, నాలుక బయటపెట్టాను, జుట్టు ముందుకు విసిరాను.

"దాహం! దాహమే! నా నోరు ఈ బకెట్టే! దీంట్లో పొయ్యండే!"

పోశారు. ముప్పై బిందెలు క్యూ కట్టాయి. ఒక్క చుక్క కింద పడనీయలేదు. మూడేళ్లు కవాతు చేయించినా దళానికి రాని క్రమశిక్షణ అది. పీకితే ప్రాణం తీస్తామనే పాకల వాళ్లతో, "ఆ కప్పు నా కండ్లకు అడ్డంగా ఉండాది, పీకెయ్యండి!" అన్నాను. ఎవరి కప్పు వాళ్లే ఎక్కి పీకేసుకున్నారు. నేను గొట్టం పట్టుకుని పాకుతూ పోయి మంట అడుగున కొట్టాను. ఊగుతూ కొట్టడం కష్టం. అందుకని కొట్టేటప్పుడు ఊగడం మానేసి, నీళ్లు తగ్గినప్పుడల్లా మళ్లీ ఊగేదాన్ని.

పందిరీ, మూడు పాకలూ పోయాయి. మిగతావి నిలిచాయి. మనుషులు ఎవరికీ ఏం కాలేదు. మూడో పాకలో మొక్కు కోడిపుంజును వదిలి రానన్న అవ్వను పుంజుతో సహా భుజాన వేసుకొచ్చాను. ఆ పుంజును సాయంత్రమే నా పేరున కోసేశారు.

గొట్టం పక్కన పడేసి నేల మీద కూలబడ్డాను. అప్పుడే మంట ఆర్పి కూర్చున్న మనిషి ముఖానికి ఎవరైనా ఏం తెస్తారు? కాసిన్ని మంచినీళ్లు. వీళ్లు పళ్లెం నిండా కర్పూరం వెలిగించి తెచ్చారు.

"నాకు పూనలేదమ్మా. మీరు నీళ్లియ్యలేదని అబద్ధం ఆడినాను" అని చెప్పాను.

"అమ్మ మనల్ని పరీచ్చ సేస్తా ఉండాది" అన్నారు.

మీసాలాయన వైపు తిరిగాను. "నువ్వైనా సెప్పన్నా. నా పక్కనే పంపు కొడతా ఉంటివి గదా!"

ఆయన రెండు చేతులూ జోడించాడు. "నేను నీకు అన్ననెట్లయితాను తల్లీ? నీ బిడ్డను" అన్నాడు. నిజంగానే నమ్మాడో, నమ్మితే మేలని అప్పుడే తోచిందో, ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే అరుగు మీద పదిహేను మంది కూర్చుని ఉన్నారు, లేవగానే నా ముఖం చూసి పనికి పోదామని. నన్ను చూసి ఇంట్లోకి తిరిగి పోయేవాళ్లే వాళ్లంతా. మా నాయన నన్ను వంటింటి మూల నుంచి లేపి ముందు గదిలో పీట మీద కూర్చోబెట్టాడు. నేను నిజం చెబుతానని గొడవ చేస్తే, తలుపు మూసి చేతులు పట్టుకున్నాడు.

"నోరు మూసుకో పాపా. ఇన్నాళ్లకు నీకింత మర్యాద వొచ్చింది. నిజం సెప్పి పోగొట్టుకోవద్దు" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. ఆయన మీద కోపం రాలేదు నాకు. ఆయన ఇంతకన్నా ఏం చేయగలడు?

యుద్ధం అయిపోయింది. ఫైర్ స్టేషనుకు మనుషులను తీసుకుంటున్నారు, చిత్తూరు రమ్మని కాగితం వచ్చింది. నాయనా నేనూ బొగ్గు బస్సెక్కాం. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బస్సు వెనక ఒక కొలిమి కట్టి, బొగ్గు మండించి నడిపేవాళ్లు. పూతలపట్టులో ఆపి క్లీనరు బొగ్గు ఎగదోస్తుంటే నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. ఇసుక బకెట్ ఎక్కడుందని అడిగాను. డ్రైవరు నన్ను గుర్తుపట్టి, ఒక నిమ్మకాయ తెచ్చి బండికి దిష్టి తియ్యమన్నాడు.

చిత్తూరులో ఆఫీసరు చదువుకున్నవాడు, ఇలాంటివి నమ్మనివాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. జమాదారు నా పేరు మొదట రాసిన కాగితం ఆయన బల్ల మీదే ఉంది. దాని మీద మీసాలాయన పంపిన రిపోర్టు ఉంది. 'అమ్మవారి దయవల్ల మంటలు చల్లారినవి. నేను పంపు కొట్టితిని.' అంతే. ఆ రెండు వాక్యాల్లో నేను ఎక్కడున్నానో వెతుక్కున్నాను.

"మీకు పూనకం వచ్చిందా, రాలేదా?" అని అడిగాడు ఆఫీసరు.

"రాలేదు సార్. వొచ్చినట్ల నటించినాను."

"వస్తే జబ్బు మనిషి అని తీసుకోను. రాలేదంటే ప్రజలను మోసం చేశారన్నమాట. అలాంటి మనిషినీ తీసుకోను."

"మంట ఆరింది సార్" అన్నాను. నా అరచేతులు రెండూ చాపి బల్ల మీద పెట్టాను. కాయలు చూస్తాడనుకున్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని సిరా అద్దాడు. పైగా వితంతువు, పైగా మగవాళ్ల మధ్య ఉద్యోగం, ఎలా కుదురుతుందన్నాడు. మా నాయన "చిత్తం" అన్నాడు. మేం గుమ్మం దాటుతుంటే ఆఫీసరు లేచి వెనకే వచ్చి, గొంతు తగ్గించాడు.

"మా ఆవిడకు మూడు కాన్పులు నిలవలేదు. ఏదైనా చెప్తారా?"

అప్పుడు నాకొచ్చిన కోపానికి ఆ బంగళా అంటుకోవాల్సింది. కానీ ఆయన ముఖం చూశాక తిట్టడానికి మనసు రాలేదు. బిడ్డ నిలుస్తుందని చెప్పి వచ్చేశాను. అది నా రెండో అబద్ధం. మరుసటి ఏడు ఆయన కొడుకు ఫోటో పంపాడు. అదీ పుస్తకంలో ఉంది, మహిమల కింద.

ఆ తర్వాత ఇంకేం మిగిలింది? అందరూ కలిసి నాకొక ఉద్యోగం ఇచ్చారు, నేను అడిగింది కాదు. బియ్యం, టెంకాయలు, చీరలు వచ్చిపడ్డాయి. ఇంట్లో కాలు పెట్టే చోటు లేక, పాకలు పోయిన మూడు కుటుంబాలకు పంచేశాను. 'అమ్మ దానం మొదలుపెట్టింది' అన్నారు. ఊళ్లో ఒక క్రైస్తవ నర్సమ్మ ఉండేది. పొయ్యి దగ్గర చీర అంటుకుని కాలినవాళ్లకు కట్టు కట్టడం ఆమె దగ్గర నేర్చుకుని, మా ఇంటి వెనక షెడ్డు వేసి వాళ్లను పెట్టుకున్నాను. నా కథంతా విని పడీ పడీ నవ్విన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. అందుకే ఆమెను వదల్లేదు. వరాలు అడిగేవాళ్లకు ఒక మొక్కు పెట్టాను, పాకల వీధుల్లో తొట్లు కట్టించి నలభై రోజులు నీళ్లు నింపాలని. తొట్లు కట్టించండని అంతకుముందు ఎంత మొత్తుకున్నా వినలేదు, మొక్కనేసరికి పోటీలు పడ్డారు. ఆ తొట్ల వల్ల రెండు వీధులు కాలకుండా నిలిచాయి. దానికి మాత్రం నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

భక్తి సంగతి అడుగుతారు. రోజూ తెల్లవారుజామున దీపం పెట్టి అమ్మవారి ముందు కూర్చుంటాను. నీ పేరు వాడుకున్నాను, క్షమించు అని అడుగుతాను. అంతకు మించి నాకు మంత్రం రాదు. ఆ కాసేపు మాత్రం నేను నటించను.

చిత్తూరు నుంచి వచ్చిన కొన్నేళ్లకు, ఒక ఆయుధపూజకు, కొత్తగా వచ్చిన ఫైరింజను మా వీధిలోకి వచ్చింది. నా చేత పూజ చేయించాలని తెచ్చారు. ఎర్ర రంగు తళతళలాడుతోంది, ఇత్తడి గంట మెరుస్తోంది. స్టేషనుకు పెద్ద మా మీసాలాయనే. మంచి ఖాకీ, భుజాన పట్టీలు. వీధంతా జనం. గొట్టాన్ని ఇంజనుకు తగిలించే చోట నీళ్లు కారుతున్నాయి. లోపలి తోలు వాషరు ఎండిపోయింది, మార్చుకోమన్నాను. ఆయన వంగి చూసి, కళ్లు పెద్దవి చేసి, "అమ్మకు కనపడనిది లేదు!" అని జనానికి చాటాడు. వాళ్లు గోవిందలు కొట్టారు.

ఇంజను పక్కన ఆ మెట్టు ఉంది. జమాదారు చెప్పినట్లే పొడుగ్గా, ఇద్దరు ముగ్గురు నిలబడేంత. దగ్గరికి పోయి చేత్తో తాకాను.

"అప్పా, ఒక్కసారి దీని మీద ఎక్కి నిలబడతాను" అన్నాను మీసాలాయనతో.

ఆయన నా కాళ్లకు దండం పెట్టి లేచాడు. ముఖం నిండా భక్తి. అందులో కపటం లేదు.

"ఎంత మాట తల్లీ! కొత్త బండి, ఆడోళ్లు ఎక్కకూడదంటారు. నువ్వు ఆడ నిలబడి కుంకం పెట్టు, సాలు."

మొగుడు పోయాక నా నుదుట కుంకుమ ఉండకూడదన్న ఊరు అది. అదే ఊరు కుంకుమ పళ్లెం నా చేతికిచ్చింది. ఇంజను ముందు, చక్రాలకు, గంటకు పెట్టాను. మెట్టుకు కూడా పెట్టాను. అక్కడ ఆగలేకపోయాను. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

"అమ్మకు ఆనందబాష్పాలు వొస్తా ఉండాయి!" అని ఎవరో అరిచారు. నా కన్నీళ్లు తుడుచుకుని కళ్లకద్దుకోవాలని జనం కొంగులు పట్టుకుని తోసుకుంటూ ముందుకొచ్చారు.